కాకి ముట్టని సంగటి ముద్ద

రండి, రండి. మున్నీ, నువ్వు గోడవైపు పడుకో, వర్ధన్ నిద్రలో కాళ్ళు విసురుతాడు. దుప్పటి కాస్త నా మీద కూడా ఉంచండర్రా, చలి మీకొక్కళ్ళకేనా? ఊ కొట్టాలి మరి. ఊ ఆగిందంటే కథా ఆగుతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఊరూ కాదు, రాజ్యమంటే రాజ్యమూ కాదు. చుట్టూ గుట్టలు, మధ్యలో ఎర్రమట్టి నేల, వానొస్తే పంట, రాకపోతే మంట. దానికో రాజు, ఓబులరాజు. రాజంటే కిరీటం పెట్టుకుని కూర్చునే రాజనుకునేరు! తలకి తువ్వాలు చుట్టుకుని తన వేరుశనగచేను తనే చూసుకొచ్చే రాజు. ఆయన భార్య కొండమ్మ రాణి. పేరుకి రాణే గానీ సంతకి తనే వెళ్ళేది, వంట తనే వండేది. ఇంకో మనిషిని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదుట. అదే కొంప ముంచింది. ఒక వేసవిలో ఆవిడకి జ్వరం తగిలింది, తగ్గలేదు, పోయింది. పోతూ పోతూ ఆ ఇంటి వంటంతా తనతో పట్టుకుపోయింది.

దెయ్యమైందా అంటావేమిట్రా? కాలేదు. ఈ కథలో దెయ్యం లేదు. దెయ్యం కన్నా భయపెట్టేది ఒకటుంది, విను.

ఇంట్లో ఆడదిక్కు లేదని గబగబా కొడుక్కి పెళ్ళి చేశారు. ఆ పిల్ల పేరు వరాలు. ఎక్కడి పిల్ల? గోదారి ఒడ్డు పిల్ల. ఎటు చూసినా వరిచేలూ, కొబ్బరిచెట్లూ, కాలవలూ. అలాంటి పిల్లని తీసుకొచ్చి ఎర్రమట్టిలో దింపారు. దింపితే దింపారు, పిల్ల గట్టిదే. వచ్చిన రోజే కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళి, తనకొచ్చిన వంటలన్నీ వండిపెట్టింది. పనసపొట్టుకి ఆవ పెట్టింది, కందా బచ్చలీ కలిపింది, గుమ్మడికాయ ముక్కల పులుసు కాచింది, మల్లెపువ్వులాంటి అన్నం వార్చింది. ఆ వాసనకి నాకే నోరూరుతోంది!

రాజు వచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నం కెలికాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, అటు తిప్పీ ఇటు తిప్పీ మింగాడు. ఆకులోనే చెయ్యి కడిగేసుకున్నాడు. బాగాలేదని ఒక్క మాట అన్నాడా? అనలేదు. అంటే బాగుండేది! "నాకు చాలమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

అప్పటినుంచీ వరాలు గుండెలో గుబులు మొదలైంది. రాజు నోట్లోకి ముద్ద వెళ్తుంటే ఈ పిల్ల గుమ్మం చాటున ఊపిరి బిగబట్టి చూసేది. ముద్ద ఆగిపోతే దీని ఊపిరీ ఆగేది. నెల తిరిగేసరికి ఆయన వేలి ఉంగరం వదులై జారిపోవడం మొదలెట్టింది. దారం చుట్టి పెట్టుకున్నాడు. వడ్డించేటప్పుడల్లా ఈ పిల్ల ఆ దారం చుట్లే లెక్కపెట్టేది. రాజు తినలేదని కోడలు తినలేదు. కోడలు తినలేదని కొడుకు తినలేదు. కొడుకు తినలేదని పాలేరు తినలేదు. పాలేరు తినలేదని గొడ్లకి మేత లేదు. మేత లేదని దూడకి పాలు లేవు. ఇంటిల్లిపాదీ, దూడతో సహా, అరుగు మీద కూర్చున్న ఆ ఒక్క మనిషి వంకే చూస్తున్నారు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? ఏటి ఒడ్డు పిల్ల వచ్చి రాజుని మాడ్చి చంపుతోందని ఒకళ్ళు, నీళ్ళ పులుసు పోసి ఎండగడుతోందని ఒకళ్ళు. వరాలు చెవినీ పడింది. పడితే ఏం చేస్తుంది, ముఖం కడుక్కుని మళ్ళీ పొయ్యి ముట్టించింది.

ఇలా ఉండగా పెద్దల అమావాస్య దగ్గరపడింది. తెలుసుగా, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, ముద్ద తీసుకెళ్ళి గోడమీద పెడతాం. కాకి వచ్చి ముట్టుకుంటే మనవాళ్ళు తిన్నట్టు. ముట్టకపోతే వాళ్ళ మనసులో ఏదో కొరత ఉన్నట్టు. కొండమ్మ రాణికి అదే మొదటి అమావాస్య. రాజు కొడుకునీ కోడల్నీ పిలిచి మెల్లిగా, అసలు కోపమే లేకుండా చెప్పాడుట. "ఆ పొద్దు మీయమ్మ ముద్ద కాకి ముడితే నేనూ తింటా. ముట్టకపోతే గుట్ట పైకి పోయి కూర్చుంటా. నన్నెవురూ పిలవాకండి."

గుట్ట పైకి పోయి కూర్చోవడమంటే ఏమిటో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. వెళ్ళినవాళ్ళు దిగి రారు. అరిచి చెప్పినా బాగుండేదనుకుంది వరాలు. అంత నెమ్మదిగా చెప్పాడంటే నిజంగానే వెళ్ళిపోతాడన్నమాట.

ఇంక మొగుణ్ణి పట్టుకుంది. ఆ నరసరాజు మంచివాడే పాపం. మంచివాడే గానీ ఏ పనికీ రాడు. మీ అమ్మ ఏం వండేదయ్యా అంటే సంగటి వండేదన్నాడు. సంగటంటే ఎలా ఉంటుందంటే గుండ్రంగా ఉంటుందన్నాడు. అందులోకి ఏమిటంటే పప్పన్నాడు. పప్పు ఎలా ఉండేదంటే బాగుండేదన్నాడు. ఇన్నేళ్ళూ కూర్చుని తిన్న మనిషి చెప్పగలిగింది అదీ! మీ తాతయ్యా అంతే, అడిగి చూడండి రేపు.

సరే, మొగుడితో పని కాదని బుట్ట పట్టుకుని సంతకి బయల్దేరింది. మండుటెండ. సంతలో ఎవర్నడిగినా నవ్వేవాళ్ళే, సంగటి చెయ్యడం రాని ఆడపిల్ల ఉంటుందా అని. నవ్వకుండా పలికినవాడు ఒక్కడే, మస్తానయ్య. గోనెపట్టా పరిచి రాగులూ, పప్పు బేడలూ, ఎండుమిరపకాయలూ, వేరుశనగ విత్తులూ కుప్పలు పోసుకుని అమ్మే ముసలాయన. మా అత్తగారు నీ దగ్గర కొనేవారా తాతా అని అడిగింది. కొనేదన్నాడు. ఆవిడ వంట నాకు నేర్పిస్తావా అని అడిగింది.

మస్తానయ్య బిత్తరపోయి చూశాడుట. "పొయ్యి ఎట్ల అంటిస్తారో గూడా నాకు తెల్దు తల్లీ. మా ఇంటిదాన్నడుగు, నీళ్ళు గూడా కాంచుకోలేను. మీయత్త ఏమేం కొనిందో చెప్పమంటే చెప్తా. అంతే నాకు తెలిసేది."

అదే చెప్పు తాతా అంది వరాలు.

అమ్మేవాడికి అదొక తీరు తెలివర్రా. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో వాడికి తెలీదు, ఎవరి బుట్టలో ఏం పడుతుందో తెలుసు. కొండమ్మ రాణి రాగులు ముదురు రంగువే ఏరి తీసుకునేదిట. బియ్యం మాత్రం నూకలడిగేదిట. ఎండుమిరపకాయ తుంచి వాసన చూసి గానీ కొనేది కాదుట. కందిబేడలు వారం వారం తీసుకునేదిట. శనగవిత్తులు ఇంట్లోనే పండుతాయి గనక అడిగేదే కాదుట. మస్తానయ్య ఒక్కొక్క కుప్పా చూపిస్తూ చెప్తుంటే, వరాలు ఒక్కొక్కటీ బుట్టలో వేసుకుంది. ఆవిడ వంటిల్లంతా బుట్టలోకి వచ్చేసిందనుకుని సంబరంగా ఇంటికొచ్చింది.

వచ్చి రాగులు విసిరింది. నూకలు ఉడకేసింది. ఉడుకుతున్న నూకల్లో పిండి పోసింది. పోసిందా, అడుగంటుతుందేమోనని భయమేసింది. గబగబా కలిపేసింది. మా వైపు పిల్ల కదా, పాయసం కలిపినట్టు కలిపింది. ఇంకేముంది, ఉండలు! కలిపేకొద్దీ ఉండలు! పైన తడి, లోపల పొడి పిండి. మళ్ళీ చేసింది, మళ్ళీ ఉండలే. భయపడేకొద్దీ కలుపుతోంది, కలిపేకొద్దీ ఉండలు కడుతోంది, ఉండలు కట్టేకొద్దీ భయపడుతోంది. గేదె మాత్రం ఆ రోజులన్నీ పండగ చేసుకుంది.

మళ్ళీ సంతరోజు మస్తానయ్య ముందు కూర్చుని ముఖం చిన్నబుచ్చుకుని చెప్పింది. ఆయనకి తెలీదుగా! తెలీకపోతే ఏం, బేరానికొచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆపి అడిగాడు. అమ్మా, సంగటికి ఉండలెందుకు కడతాయమ్మా అని. పిండి పాతదన్నది ఒకావిడ. కుండ పలచనన్నది ఇంకొకావిడ. పొయ్యి మొండిదన్నది మరొకావిడ. చివర్న ఒక ముసలమ్మ, పళ్ళు లేని ముసలమ్మ, వరాలు చేతులు చూసి కనిపెట్టేసింది. ఈ పిల్ల చేతులు ఒక్కచోట ఉండవు, అదీ రోగం అంది. పిండి కుప్పగా పొయ్యాలిట. మధ్యలో కర్రతో బొక్క పెట్టాలిట. మూత పెట్టి సన్నసెగన వదిలెయ్యాలిట. వదిలేసి దాని మొహం చూడకూడదుట. బాగా ఉడికాక దించి, అప్పుడు కుండని కాళ్ళతో అదిమి పట్టుకుని తెడ్డు పెట్టి గెలకాలిట.

వినడానికి ఎంత సులువు! వరాలు ఇంటికెళ్ళి కుప్ప పోసింది, బొక్క పెట్టింది, మూత పెట్టింది. పెట్టాక చెయ్యి మూత మీదికే పోతుంది. మాడుతోందేమో, పొంగుతోందేమో, పొయ్యి ఆరిందేమో. ఆ పిల్ల అప్పుడేం చేసిందో తెలుసా? రెండు చేతులూ కొంగుతో కలిపి కట్టేసుకుని, పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. వాసన మారాక లేచి దించి గెలికింది. తడిచేత్తో తాకి చూస్తే చేతికి అంటలేదు. ఉండ లేదు. నున్నగా, మెత్తగా వచ్చింది ముద్ద. ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

రాజుకి పెట్టింది. రాజు ముద్ద వంక చాలాసేపు చూశాడు. తుంచి పప్పులో అద్దుకున్నాడు. నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పప్పు గిన్నె పక్కకి జరిపి, చెయ్యి కడిగేసుకున్నాడు.

ఊఁ? నిద్రొస్తోందా మున్నీ? రాలేదా? సరే.

సంగటి కుదిరింది, పప్పు కుదరలేదన్నమాట. అమావాస్య నెత్తిమీదికొచ్చింది. వరాలు కాలుగాలిన పిల్లిలా సంతకి పరిగెత్తింది. పప్పులో ఏం వేశావమ్మా అని మస్తానయ్య అడిగితే చెప్పింది, బేడలూ మిరపకాయలూ చింతపండూ అని. చింతపండు అనేసరికి ఆయన తల అడ్డంగా ఊపాడు. పక్క పట్టాలో ఆయన తమ్ముడు చింతపండే అమ్ముతాడు. కొండమ్మ రాణి ఎన్నడూ ఆ పట్టా వైపు తిరిగి చూసింది లేదు. తమ్ముడికి అదొక బాధ కూడానుట, రాజుగారింట్లో మన సరుకు తినరని.

మరి పులుపు ఎక్కణ్ణించి వచ్చేది? మస్తానయ్యకి తెలీదు. కొనలేదంటే ఇంట్లోనే ఉండాది పోయి చూడు తల్లీ అన్నాడు.

వరాలు ఇల్లంతా వెతికింది. కుండలన్నీ దించింది, ఉట్లన్నీ చూసింది. పులుపన్నది లేదు. పెరట్లోకి వెళ్ళింది. కనబడ్డ ఆకల్లా తుంచి నమిలింది. ఒకటి చేదు, ఒకటి వగరు, ఒకటి నాలుక దురద. చివరికి స్నానాలరాయి దగ్గర తడిలో, రాతి సందులో ఒక చిట్టి మొక్క. కాడకి మూడేసి ఆకులు. నమిలింది. పళ్ళు పులిసిపోయాయి! పులిచింతాకు!

నమిలిన నోరు అలాగే తెరిచి కూలబడిపోయింది. ఎందుకో తెలుసా? కాపరానికొచ్చినప్పటినుంచీ ఆ రాయి చుట్టూ ఉన్న ఆ మొక్కల్ని చీపురుపుల్లతో గీకి గీకి పారేస్తున్నది తనే. మా గోదారి వైపు ఆడపిల్లలకి నూతిపళ్ళెం గట్టు దగ్గర గడ్డిపోచ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. శుభ్రం చేస్తున్నాననుకుని అత్తగారి వంటంతా గేదె ముందు పారబోసింది. మిగిలింది ఆ రాతి సందులో గుప్పెడు కూడా లేదు.

ఇంక చూడండి దాని అవస్థ. పొద్దున బియ్యం కడుగు నీళ్ళు, సాయంత్రం మంచినీళ్ళు. గేదెని ఆ దరికి రానివ్వలేదు. మొగుణ్ణి కూడా రానివ్వలేదు, అవతల స్నానం చెయ్యమంది. మొలిచిందా లేదా అని గడియకోసారి వంగి చూసేది. అటు చూస్తే మొక్క పెరగడం లేదు, ఇటు చూస్తే రాజు ఉంగరానికి దారం ఇంకో చుట్టు పెరిగింది. ఏది ముందవుతుందో భగవంతుడికే ఎరుక!

పెరిగింది. అమావాస్య పొద్దుటికి ఒక పప్పుకి సరిపడా పెరిగింది.

చుట్టాలంతా దిగారు. సరుకిచ్చినందుకు మస్తానయ్యని కూడా భోజనానికి పిలిచింది వరాలు. సంగటి చేసింది, పులిచింతాకు పప్పు చేసింది, శనగవిత్తులూ మిరపకాయలూ వేయించి రోట్లో నూరింది. కొడుకు ముద్ద తీసుకెళ్ళి గోడమీద పెట్టాడు.

కాకి వచ్చింది. వచ్చి గోడమీద వాలింది. ముద్ద వంక చూసింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముట్టుకోలేదు.

రాజు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

చుట్టాలందరూ ఒక్కొక్కళ్ళే దణ్ణాలు పెట్టారు. నీ పేర గుడి కడతామన్నాడు బావమరిది. నీ నగలు పిల్లలకే ఇస్తామంది ఆడపడుచు. నీ ఆవుని అమ్మనమ్మా అన్నాడు కొడుకు. కాకి కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఏటిపిల్ల చేతి ముద్ద ఆయమ్మ ముడుతుందా అని ఎవరో పైకే అనేశారు. వరాలు గోడ పట్టుకుని నిలబడింది. నా వంట వల్లే, నా చేతి వల్లే అనుకుంటోంది.

రాజు లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గుట్ట వైపు తిరిగాడు.

ఏటిపిల్లనన్న ఆ మాట మస్తానయ్యకి కష్టమనిపించింది. పక్కనున్న వాళ్ళతో గొణిగాడుట. "ఆ పిల్లనెందుకంటారు? కొండమ్మ ఎవురి చేతిదీ అట్ల తినే మనిషి కాదు. సంతలో ఎండకి సొమ్మసిల్లబోయి, నేను బెల్లంముక్క ఇచ్చినా నోట్లో ఏసుకోలా. మా ఆయన ఇంగా తినలా, నాకెట్ల దిగుతాది అనింది."

ఆ మాట వరాలు చెవిన పడింది. పడి, గుండెల్లోకి దిగింది. కాకి ముట్టలేదని చుట్టాలు తినలేదు. చుట్టాలు తినలేదని పిల్లలకి పెట్టలేదు. కాకి ముట్టలేదని రాజూ తినలేదు. మరి కాకెందుకు ముట్టలేదు?

వరాలు పరిగెత్తింది. వంటింట్లోకి పరిగెత్తి, విస్తరి వేసి, సంగటి ముద్ద పెట్టి, పప్పు పోసి తీసుకొచ్చి, గుమ్మం దిగుతున్న రాజుకి అడ్డంగా నేలమీద పెట్టేసింది. అందరూ కేకలేశారు. పెద్దలు ముట్టకముందే మనిషికి పెడతావా, అపచారం, అపచారం అని. ఆ పిల్ల మామగారి ముందు నోరెత్తి ఎరగదు. అయినా అడిగింది. "మావయ్యా, అత్తయ్యగారు ఏనాడైనా మీకన్నా ముందు తిన్నారా?"

రాజు నిలబడిపోయాడు. "తినలా" అన్నాడు.

"మరి ఇవాళ ఎలా తింటారు మావయ్యా? వంట చేసిన దగ్గర్నుంచీ గోడమీద కూర్చుని మీ కోసమే చూస్తున్నారు."

రాజు ఆ గుమ్మంలోనే, ఆ నేలమీదే, పీటైనా లేకుండా కూలబడ్డాడు. ముద్ద తుంచాడు. పప్పులో అద్దాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి, నములుతూనే ఉన్నాడు. ఇంకో ముద్ద. ఇంకో ముద్ద. అప్పుడు తలెత్తి, గొంతు చించుకుని అరిచాడుట.

"కారమేదమ్మా దీంట్లో? ఇంత చప్పగా వండితే మనిషనేవాడు తింటాడా?"

అమ్మయ్య! వరాలుకి ప్రాణం లేచొచ్చింది. కాపరానికొచ్చిన తర్వాత ఆయన పెట్టిన మొదటి వంక అది. రోట్లో నూరిన కారం తేవడానికి ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ పరిగెడుతుంటే, వెనకాల గోడమీద రెక్కల చప్పుడైంది. పిల్లలు ముట్టింది, ముట్టింది అని గంతులేశారు. ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. విస్తట్లో కారం వేసి, మారు ముద్ద తేనా మావయ్యా అని అడిగింది. తే అన్నాడు.

కాకికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి అంటావా వర్ధన్? కాకికి తెలిసినా తెలియకపోయినా వరాలుకి తెలిసింది, అది చాలదూ! పోయినవాళ్ళకి పెట్టాలి, కాదన్ను. ఎదురుగా తినకుండా కూర్చున్నవాళ్ళకి ముందు పెట్టాలి. వద్దన్నా పెట్టాలి. వంక పెట్టినా పెట్టాలి. వంక పెడుతున్నారంటే ఇంకా మనతో ఉంటారన్నమాట.

రాజు తిన్నాడు, కోడలు తిన్నది, మస్తానయ్య మారడిగి మరీ తిన్నాడు, అందరూ చల్లగా ఉన్నారు. కథేమో కంచి బండెక్కేసింది, మనమేమో దుప్పట్లో దూరుదాం. కళ్ళు మూసుకోండి. మూసుకున్నారా? ఊ అనకండి ఇంక, పడుకోండి.